చెట్టు వేర్లు డ్రైనేజీ పైపులోకి ఎలా వస్తాయి? మళ్లీ మళ్లీ జామ్ కాకుండా ఏం చేయాలి?

ఈ రోజు టాపిక్ వినగానే కొంతమంది ముక్కు మూసుకుంటారు. పర్లేదు, మూసుకునే వినండి. బాత్రూమ్‌లో నీళ్లు దిగకపోవడం, గేటు దగ్గర ఛాంబర్ పొంగడం, ప్లంబర్ వచ్చి క్లీన్ చేసి వెళ్లిన నాలుగు నెలలకే మళ్లీ అదే సీన్. ఇది మీ ఇంట్లో జరుగుతోందా? మీ ఇంటి దగ్గర చెట్టు కూడా ఉందా? అయితే ఈ ఎపిసోడ్ మీ కోసమే.

ముందు మా ఇంటి కథ చెప్తాను. ఎందుకంటే ఇందులో నేను చేసిన ఒక తప్పు ఉంది. అది చెప్పకుండా మిగతాదంతా చెప్పడం కరెక్ట్ కాదు.

మాది హైదరాబాద్‌లో ఒక పాత కాలనీ. ఇల్లు 1988లో కట్టారు. అప్పట్లో డ్రైనేజీకి స్టోన్‌వేర్ పైపులు వేసేవారు, అంటే కాల్చిన మట్టి పైపులు. బయట గోధుమ రంగులో, నున్నగా మెరుస్తూ ఉంటాయి. మా కాంపౌండ్ గోడకి, గేటు దగ్గర ఛాంబర్‌కి మధ్య ఉన్న పగుల్లో ఒక రావి మొక్క మొలిచింది. ఎవరూ నాటలేదు. పక్షులు రావి పండ్లు తిని రెట్ట వేస్తే అందులోని గింజ ఎక్కడ తడి దొరికితే అక్కడ మొలుస్తుంది. దాన్ని పీకేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "రావి చెట్టు రా, పీకకూడదు" అంది. అలా వదిలేస్తే నాలుగైదేళ్లలో నడుము ఎత్తు పెరిగింది.

తర్వాత మొదలైంది. ఒక ఏడాదిలో మూడుసార్లు డ్రైనేజీ జామ్. మూడోసారి ఒకాయన వచ్చాడు. వెదురు బద్దలు పెట్టి చాలాసేపు పొడిచాడు, వెళ్లలేదు. గేటు దగ్గరిది లోతైన ఛాంబర్, దాదాపు ఆరడుగులు. ఆయన చొక్కా విప్పి దిగడానికి రెడీ అయ్యాడు. "అన్నా, లోపలికి వద్దులే" అని నేను ఏదో మాట వరసకి అన్నాను. "ఏం కాదు తమ్ముడూ, రోజూ దిగేటోణ్ణే" అన్నాడు. నేనేం చేశానో తెలుసా? ఫోన్ టార్చ్ ఆన్ చేసి, ఆయనకి కనపడేలా పైనుంచి పట్టుకున్నాను.

రెండు నిమిషాలు కూడా కాలేదు. ఆయన తల తిరుగుతోందని పైకి వచ్చేశాడు. గోడ పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడు. కాసేపటికి తేరుకున్నాడు, ఇంటికి వెళ్లాడు. అదృష్టం, అంతే. ఆ రోజు ఆయన పైకి రాకపోయి ఉంటే, నేను టార్చ్ పట్టుకుని నిలబడినవాణ్ణి అయ్యేవాణ్ణి. ఆ తర్వాతే నేను ఈ సబ్జెక్ట్ మీద కూర్చున్నాను. అసలు వేర్లు లోపలికి ఎలా వస్తున్నాయి? ఎందుకు మళ్లీ మళ్లీ వస్తున్నాయి? మనిషిని దింపకుండా దీన్ని ఎలా వదిలించుకోవాలి? నేను తెలుసుకున్నది ఇప్పుడు చెప్తాను.

వేరు పైపుని పగలగొట్టదు, లీకేజీని వెతుక్కుంటుంది

మనమందరం ఒకటి అనుకుంటాం. చెట్టు వేరు చాలా బలమైనది, అది పైపుని పగలగొట్టి లోపలికి వెళ్తుంది అని. చాలా కేసుల్లో జరిగేది అది కాదు. గట్టిగా, లీకేజీ లేకుండా ఉన్న పైపు పక్కనుంచి వేరు వెళ్లిపోతుంది, అంతే. వేరు తడి ఉన్న వైపు పెరుగుతుంది. పైపు జాయింట్‌లో సన్నని పగులు ఉంటే అక్కడ మట్టి ఎప్పుడూ తేమగా ఉంటుంది. చుట్టూ ఎండిపోయిన నేల, మధ్యలో ఒక్క చోట తడి, పైగా ఎరువు లాంటి నీళ్లు. ఇంకేం కావాలి చెట్టుకి?

మొదట లోపలికి వెళ్లేది వెంట్రుక అంత సన్నని వేరు. ఒకసారి లోపలికి వెళ్లాక దానికి నీళ్లు, పోషకాలు అన్నీ ఫ్రీ. కొమ్మలు కొమ్మలుగా విడిపోయి కొబ్బరి పీచులా అల్లుకుంటుంది. ఆ పీచులో మన ఇంటి నూనె జిడ్డు, జుట్టు, తడి వైప్స్, ప్యాడ్స్ చిక్కుకుంటాయి. అప్పుడు జామ్ అవుతుంది. ఆ తర్వాత వేరు లావెక్కుతుంది, అప్పుడు పగులు పెద్దదవుతుంది, పైపు కూడా విరగొచ్చు. కానీ ముందు వచ్చింది లీకేజీ, ఆ తర్వాత వచ్చింది వేరు. ఈ ఆర్డర్ గుర్తుపెట్టుకోండి. ఈ రోజు ఎపిసోడ్ మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

మరి జాయింట్లు ఎందుకు పగులుతాయి? స్టోన్‌వేర్ పైపు ఒక్కొక్కటి సుమారు 2 అడుగుల పొడవే ఉంటుంది. మా ఇంట్లో రెండు ఛాంబర్ల మధ్య దూరం 20 అడుగులు. అంటే 10 పైపు ముక్కలు. వాటి మధ్య 9 జాయింట్లు, రెండు చివర్లా ఛాంబర్ గోడ దగ్గర ఇంకో 2. మొత్తం 11 చోట్ల సిమెంట్‌తో పూడ్చారు. సిమెంట్ వంగదు. భూమి కొంచెం కదిలినా చిట్లుతుంది. నల్లరేగడి నేల అయితే మరీ ఎక్కువ, వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. పైన కారు పార్క్ చేస్తే ఆ బరువు ఒకటి. ఇన్నేళ్లలో 11 జాయింట్లలో ఒక్కటి చిట్లినా చాలు, వేరుకి తలుపు తీసినట్టే.

మీ ఇంట్లో జామ్ వేర్ల వల్లేనా? ఇలా చూసుకోండి

కిచెన్ సింక్ ఒక్కటే ఆగిందంటే సాధారణంగా జిడ్డు. ఒక్క బాత్రూమ్ ఆగిందంటే జుట్టు. కానీ ఇంట్లో కింది అంతస్తు మొత్తం ఒకేసారి స్లో అయితే, వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలినప్పుడు టాయిలెట్‌లో గుడగుడమని సౌండ్ వస్తే, ప్రాబ్లం మెయిన్ లైన్‌లో ఉన్నట్టు. క్లీన్ చేసిన కొన్ని నెలలకే అదే చోట మళ్లీ జామ్ అవుతుంటే వేర్లను అనుమానించండి. ఎండాకాలంలో కూడా పైపు లైన్ పైన ఒక్క చోట గడ్డి పచ్చగా ఉందంటే, అది ఇంకో క్లూ.

ఇప్పుడు జామ్ ఎక్కడుందో కనిపెట్టే చిన్న ట్రిక్. ఇంటి నుంచి గేటు వైపు ఉన్న ఛాంబర్ మూతలు ఒక్కొక్కటిగా తీయండి. నిండుగా ఉన్న ఛాంబర్, దాని తర్వాత ఖాళీగా ఉన్న ఛాంబర్, ఈ రెండింటి మధ్యలోనే జామ్ ఉంది. మీ ఆఖరి ఛాంబర్ కూడా నిండుగా ఉంటే జామ్ దాని తర్వాత, అంటే మీ ఇంటి నుంచి రోడ్డు లైన్‌కి కలిసే పైపులో గానీ, రోడ్డు లైన్‌లో గానీ ఉండొచ్చు. పక్కింటి వాళ్లని కూడా అడగండి. వాళ్లది కూడా పొంగుతుంటే మీ ఇంట్లో తవ్వడం దండగ, కంప్లైంట్ ఇవ్వాలి. హైదరాబాద్‌లో అయితే వాటర్ బోర్డు నంబర్ 155313.

మూత తీసేటప్పుడు ముఖం దాని మీద పెట్టకండి. తీసి పక్కకి జరిగి కాసేపు ఆగండి. అగ్గిపుల్ల గీయొద్దు, సిగరెట్ వద్దు. మీథేన్ అంటుకుంటుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఇంకొకటి, ఇది మన ఫోన్ జనరేషన్‌కి బాగా పనికొస్తుంది. ఫోన్‌కి కనెక్ట్ అయ్యే వైరు కెమెరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వాటర్‌ప్రూఫ్, ముందు చిన్న లైట్లు ఉంటాయి. 10 మీటర్ల వైరు ఉన్నది తీసుకుంటే ఇంటి ఛాంబర్ల మధ్య లైన్‌కి చాలావరకు సరిపోతుంది. పైపులో నీళ్లు తగ్గాక ఖాళీ ఛాంబర్ నుంచి పంపి చూడండి. వైరు మీద ప్రతి మీటరుకీ టేపుతో గుర్తు పెట్టుకుంటే, వేరు ఎన్ని మీటర్ల దగ్గర ఉందో తెలిసిపోతుంది. లేకపోతే యార్డ్ మొత్తం తవ్వాల్సి వస్తుంది. మాకు ఛాంబర్ నుంచి రెండు మీటర్ల లోపే రెండు జాయింట్ల దగ్గర వేర్లు కనిపించాయి.

క్లియర్ చేయడం ఎలా

మొదటి పద్ధతి, రాడ్లు. ఒకదానికొకటి మరలా బిగించే రాడ్లు, ముందు స్క్రూ లాంటి తల. ఖాళీగా ఉన్న ఛాంబర్ వైపు నుంచి పెట్టండి, అప్పుడు మురుగులో చేతులు పెట్టే పని ఉండదు. జామ్ విడిపోగానే నీళ్లు జోరుగా వస్తాయి, అది దృష్టిలో పెట్టుకుని ఎదురుగా కాకుండా పక్కకి నిలబడండి. రాడ్‌ని ఎప్పుడూ కుడి వైపుకే తిప్పాలి. ఎడమ వైపుకి తిప్పితే మర ఊడిపోయి రాడ్ ముక్క లోపలే ఉండిపోతుంది. అప్పుడు వేరు ఒకటి, రాడ్ ఒకటి, రెండు ప్రాబ్లమ్స్. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, బూట్లు తప్పనిసరి.

రెండోది, మోటార్‌తో తిరిగే స్ప్రింగ్ మెషీన్. దాని చివర వేర్లు కోసే బ్లేడు పెడతారు. ముందు చిన్న బ్లేడుతో దారి చేసి, తర్వాత పైపు సైజుకి దగ్గరగా ఉన్న బ్లేడు వాడాలి. ఇది మీరు కాదు, తెలిసినవాళ్లే చేయాలి. స్ప్రింగ్ ఇరుక్కుని ఎగిరిందంటే చెయ్యి మెలి తిరిగిపోతుంది.

మూడోది, జెట్టింగ్. హై ప్రెషర్ నీళ్లతో కోయడం. బాగా పనిచేస్తుంది. కానీ పైపు ఇప్పటికే విరిగి ఉంటే ఆ ప్రెషర్‌కి ఇంకా పాడవుతుంది. అందుకే ముందు కెమెరా, తర్వాత జెట్. ఏ పద్ధతి అయినా, కింది ఛాంబర్ అవుట్‌లెట్ దగ్గర ఒక జాలీ అడ్డం పెట్టి, కోసిన వేర్ల ముక్కల్ని పొడుగు కర్ర ఉన్న పారతో పైకి తీసేయండి. లేకపోతే అవి ముందుకు వెళ్లి ఇంకో చోట ఇరుక్కుంటాయి.

యాసిడ్, కల్లుప్పు, మైలుతుత్తం సంగతేంటి?

చాలామంది చేసే మొదటి పని బాత్రూమ్ యాసిడ్ పోయడం. దయచేసి వద్దు. యాసిడ్ వేరు దగ్గర నిలబడదు, కారిపోతుంది. వేరు కంటే ముందు అది తినేది జాయింట్‌లోని సిమెంట్‌ని. అంటే వేరు కోసం తలుపు ఇంకా పెద్దది చేస్తున్నాం. బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం. ఇంకో విషయం, మీరు యాసిడ్ పోసి, పనిచేయక మనిషిని పిలిస్తే, లోపల నిలిచిన ఆ యాసిడ్ ఆయన చేతుల మీద పడుతుంది. పోసి ఉంటే కనీసం ఆయనకి ముందే చెప్పండి.

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, తగిలినంత మేర వేరుని చంపుతుంది, నిజమే. కానీ జామ్ అయిన పైపులో అది వేరుని సరిగ్గా చేరదు. చేరినా చచ్చిన వేరు అక్కడే ఉంటుంది, దాన్ని కోసి తీయాల్సిందే. చెరువులోకి చేరితే చేపలకి విషం, సెప్టిక్ ట్యాంక్ ఉంటే అందులో పనిచేసే బాక్టీరియా కూడా చస్తుంది. కల్లుప్పు పోస్తే, అది లీకేజీలోంచి బయటికి వెళ్లి మట్టిని పాడుచేస్తుంది.

ఒక మనిషి లోపలికి దిగడం అనేది ఆప్షన్ కాదు

ఇది సీరియస్‌గా వినండి. మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాస్ తయారవుతుంది. కుళ్లిన గుడ్ల వాసన. గాలి కంటే బరువు, అందుకే అడుగున నిలుస్తుంది. దీనిలో మోసం ఏంటంటే, మోతాదు ఎక్కువైతే మన ముక్కు ఆ వాసన పసిగట్టడం మానేస్తుంది. లోపల ఉన్నవాళ్లకి వాసన తగ్గింది, పర్లేదు అనిపిస్తుంది, కానీ అప్పుడే ప్రమాదం పెరిగింది. మూర్ఛపోయి పడిపోతారు. కాపాడదామని రెండో మనిషి దిగుతాడు, ఆయనా పడిపోతాడు. పేపర్లో ఇద్దరు, ముగ్గురు కలిసి చనిపోయారని చదివేది అందుకే. ఎవరైనా లోపల పడిపోతే మీరు దిగకండి. వెంటనే 112కి ఫోన్ చేయండి.

చట్టం కూడా ఉంది. 2013లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని సీవర్‌లోకి గానీ సెప్టిక్ ట్యాంక్‌లోకి గానీ దింపి క్లీన్ చేయించడం నేరం. మొదటిసారికే 2 ఏళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది మున్సిపాలిటీకి మాత్రమే కాదు, దింపినవాళ్లు ఎవరైనా సరే, ఇంటి ఓనర్‌కి కూడా వర్తిస్తుంది. ఈ పని ఆపాలని దశాబ్దాలుగా పోరాడుతున్న బెజవాడ విల్సన్ గారికి 2016లో రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. సీవర్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. చట్టం ఉంది, కోర్టు ఉంది, అయినా మనుషులు దిగుతున్నారు. ఎందుకు? పైన నాలాంటి వాడు ఒకడు టార్చ్ పట్టుకుని నిలబడుతున్నాడు కాబట్టి.

"నేను దిగుతా" అని ఆయనే అన్నా సరే, మీరు "వద్దన్నా, మెషీన్ తెప్పిద్దాం" అనాలి. గట్టిగా అనాలి, నాలా మాట వరసకి కాదు. ఆ రోజు వచ్చినందుకు ఆయన కూలి ఆయనకి ఇచ్చేయండి. కూలి పోతుందనే భయమే చాలాసార్లు మనిషిని లోపలికి దింపుతుంది. మెషీన్‌తో సీవర్, సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్ కోసం 14420 అని హెల్ప్‌లైన్ ఉంది, ఈ నంబర్ సేవ్ చేసుకోండి.

మళ్లీ రాకుండా చేయడం ఎలా

ఇప్పుడు మొదట చెప్పిన పాయింట్‌కి వద్దాం. ముందు లీకేజీ, తర్వాత వేరు. వేరుని కోస్తే ఏమవుతుంది? మల్లె తీగని కత్తిరిస్తే రెండు చిగుర్లు వచ్చినట్టు, ఇంకా గుబురుగా వస్తుంది. కోయడం అంటే టైమ్ కొనుక్కోవడం అంతే. లీకేజీ మూసేస్తేనే పని పూర్తయినట్టు.

మేం ఏం చేశామంటే, ఆ 20 అడుగుల లైన్ తవ్వించి స్టోన్‌వేర్ మొత్తం తీసేశాం. దాని బదులు డ్రైనేజీకి వాడే పీవీసీ పైపు వేశాం. 20 అడుగుల ఒకే పైపు, మధ్యలో ఒక్క జాయింట్ లేదు. 11 చోట్ల ఉన్న రిస్క్ 2 చోట్లకి వచ్చింది, ఛాంబర్ గోడల దగ్గర మాత్రమే. అక్కడ ఇంకో చిన్న జాగ్రత్త. సిమెంట్ ప్లాస్టిక్‌ని సరిగ్గా పట్టుకోదు. అందుకే గోడలోకి వెళ్లే భాగం వరకు పైపు మీద సొల్యూషన్ పూసి, ఇసుక చల్లి, ఆరాక సిమెంట్ చేయిస్తే గట్టిగా పట్టుకుంటుంది. పైపు కింద రాళ్లు లేకుండా ఇసుక పరిపించండి. వాలు చూపించుకోండి. మాకు మేస్త్రి 40 అడుగులకి 1 అడుగు లెక్కన, అంటే 20 అడుగులకి అర అడుగు దించి పెట్టాడు. మధ్యలో పైపు కుంగితే అక్కడ నీళ్లు నిలుస్తాయి, మళ్లీ జామ్.

పూడ్చే ముందు టెస్ట్ చేయించండి. ఇది చాలామంది స్కిప్ చేస్తారు. పైపు కింది చివర గట్టిగా ప్లగ్ చేసి, పై ఛాంబర్ నుంచి నీళ్లు నింపి, నీటి మట్టం దగ్గర చాక్‌పీస్‌తో గీత పెట్టండి. అరగంట ఆగి చూడండి. గీత కంటే కిందికి దిగిందంటే ఎక్కడో లీకేజీ ఉంది. అప్పుడే సరి చేయించుకోవడం తేలిక, పైన టైల్స్ వేశాక కాదు. ఛాంబర్ లోపలి ప్లాస్టరింగ్ పగుళ్లు కూడా అదే రోజు పూడ్పించండి.

చెట్టు సంగతి? చెట్టు శత్రువు కాదు ఫ్రెండ్స్. ఎండాకాలం మన ఇంటిని చల్లగా ఉంచేది అదే. పెద్ద చెట్టు కొట్టాలంటే పర్మిషన్ కూడా కావాలి, 2002 నాటి వాల్టా చట్టం ఉంది. లీకేజీ లేని పైపు వేస్తే చాలా చెట్లతో హాయిగా బతకొచ్చు. కానీ రావి, మర్రి, జువ్వి, రబ్బర్ మొక్క, ఇవన్నీ ఒకే కుటుంబం, వేర్లు చాలా దూరం పోతాయి. ఇవి డ్రైనేజీ లైన్ పక్కన వద్దు. పచ్చటి గోడలా ఉంటుందని అందరూ వేసే కోనోకార్పస్ కూడా అంతే. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే ఆపేసింది. లైన్ దగ్గర తులసి, చామంతి, నందివర్ధనం లాంటి చిన్నవి పెట్టుకోండి. గోడ పగుల్లో, ఛాంబర్ పక్కన రావి మొక్క రెండు ఆకులతో కనపడగానే వేరుతో సహా తీసేయండి. పైన తుంచితే సరిపోదు.

మా అమ్మని ఎలా ఒప్పించానంటే, పీకి పారేద్దాం అనలేదు, చోటు మారుద్దాం అన్నాను. పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని, తనే దగ్గరుండి తీయించింది. వేరున్న ఒక ముక్కని కుండీలో బతికించి, వానాకాలంలో మా కాలనీ గుడి వెనక ఖాళీ స్థలంలో నాటాం. ఇప్పుడు నాకంటే ఎత్తుగా ఉంది.

లైన్ మార్చాక మా ఛాంబర్ దగ్గరికి మళ్లీ ఎవరినీ పిలవలేదు. ఆ రోజు వచ్చిన అన్న తర్వాత ఒకసారి రోడ్డు మీద కనిపించాడు. "ఏం తమ్ముడూ, మీ డ్రైనేజీ మళ్ల జామ్ కాలేదా?" అన్నాడు. "కాలేదన్నా" అన్నాను. నవ్వాడు.

ఈ ఆదివారం ఒక్క పని చేయండి. మీ ఇంటి ఛాంబర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో నాన్ననో తాతనో అడిగి, ఫోన్‌లో ఒక చిన్న మ్యాప్ గీసి పెట్టుకోండి. జామ్ అయిన రోజు అర్ధరాత్రి కంగారులో అదే మీకు పనికొస్తుంది. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.